మనాదికి బిల్లు ఎవరు కట్టాల? (9వ భాగం)



పోయిన భాగంలో హాస్టల్ మెస్సు గురించి, అంటే కడుపు గురించి మాట్లాడుకున్నాం. ఈసారి మనసు గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, మనసు మీద నడుస్తున్న వ్యాపారం గురించి.

ఈమధ్య ఆన్‌లైన్‌లో ఒక కొత్త రకం క్లాసులు అమ్ముతున్నారు. సైకాలజీ చదివినవాళ్లు సొంత థెరపీ ప్రాక్టీసు పెట్టి, దాన్ని లాభసాటి వ్యాపారంగా నడపడం ఎలాగో అందులో నేర్పిస్తారు. మా కాలేజీలో డిగ్రీ చదివి, తర్వాత ఎమ్మెస్సీ సైకాలజీ చేసిన అమ్మాయి ఒకామె ఆ క్లాసు నోట్సు నాకు పంపి, "సార్, చదివి ఏమనుకుంటారో చెప్పండి" అనింది. తెలుగు పాఠం చెప్పేవాడికి ఇందులో ఏం పని అని మీరు అడగొచ్చు. మాటల వెనక ఏముందో వెతకడమే నా పని. ఆ నోట్సులో నన్ను పట్టుకున్నవి మాటలే.

నీ ఆదర్శ క్లయింటు ఎవరో ముందు తేల్చుకో. గంట రేటు చెప్పకు, ఆరు సెషన్ల ప్యాకేజీ చెప్పు. రేటు పెంచడానికి సిగ్గుపడకు, నీ ఫీజే నీ విలువ. బేరమాడేవాళ్లను వదిలెయ్, వాళ్లు మారడానికి సిద్ధంగా లేరు. స్థూలంగా ఇదీ ఆ పాఠం.

ఆ చివరి సూత్రం దగ్గర కాసేపు ఆగండి. చేతిలో డబ్బు లేదన్న మనిషి, మారడానికి సిద్ధంగా లేని మనిషి అయిపోయినాడు. పేదరికం ఒక్క దెబ్బతో మనసులో లోపంగా మారిపోయింది. మాలమాదిగలు శుభ్రంగా ఉండరు కాబట్టి ఊరి బయట ఉన్నారని మన తాతలకు చెప్పినవాళ్ల తర్కం ఇదే కదా. ఊరి బయటికి నెట్టినోడి తప్పు మాయమై, నెట్టబడినోడి గుణం మిగిలింది.

1. ముందు లెక్క చూద్దాం

సైకాలజీ డిపార్ట్‌మెంట్లు పుట్టకముందే మన అమ్మలకు ఈ జబ్బు పేరు తెలుసు. మనాది. "పిల్లోనికి మనాది పట్టింది, కూడు ముట్టడంల్యా" అంటుంది మా పేటలో ఏ జేజి అయినా. వ్యాధి ఒంటికి, ఆధి మనసుకు. పేరు తెలియక మనవాళ్లు వైద్యానికి పోలేదనుకుంటే పొరపాటు. అందుబాటులో లేక పోలేదు.

బనగానపల్లె నుంచే లెక్క వేద్దాం. ఇక్కడ మనవాళ్లు నాపరాయి గనుల్లో రాళ్లు కోస్తారు, పాలిష్ మిషన్ల దగ్గర దుమ్ము మింగుతారు, మామిడి తోటల్లో కాయలు కోస్తారు, ఉపాధి పనికి పోతారు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. పట్నంలో ఒక థెరపీ సెషన్ 1500 రూపాయలు అనుకుందాం, అంతకంటే ఎక్కువ తీసుకునేవాళ్లు బోలెడుమంది. గంట సేపు మనసు విప్పడానికి ఐదు రోజుల కూలి. ఒక్కసారితో అయ్యేది కాదు, కనీసం ఎనిమిది సార్లు రమ్మంటారు. 12,000 రూపాయలు. 39 రోజుల కూలి. కర్నూలుకు పోయి రావడానికి బస్సు చార్జీ వేరే, పోయిన రోజు పని పోవడం వేరే.

ఇప్పుడు ఇంకో లెక్క. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది దేశంలో 1,70,924 మంది తమ ప్రాణం తామే తీసుకున్నారు. వాళ్లలో 26.4 శాతం, అంటే నలుగురిలో ఒకరికి పైగా, రోజుకూలీలు. విద్యార్థులు 13,000 మందికి పైగా. ఆదర్శ క్లయింటు జాబితాలో రోజుకూలీ ఉండడు. చావుల జాబితాలో మాత్రం అందరికంటే ముందు ఉన్నాడు.

2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, మామూలు మానసిక సమస్యలున్న ప్రతి 100 మందిలో దాదాపు 85 మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. 12 రాష్ట్రాల్లో ఆ సర్వే చేసినారు, వాటిలో మన ఆంధ్ర లేదు. మన మనాది లెక్కలోకి కూడా రాలేదన్నమాట.

2. "డబ్బు కడితేనే విలువ తెలుస్తుంది"

ఈ మాట చెప్పేటప్పుడు చాలామంది ఫ్రాయిడ్‌ను సాక్ష్యానికి తెస్తారు. నిజమే, చికిత్స మొదలుపెట్టడం గురించి 1913లో రాసిన వ్యాసంలో ఆయన ఫీజు విషయం మొహమాటం లేకుండా మాట్లాడాలన్నాడు. ఉచిత వైద్యం రోగిలో ప్రతిఘటన పెంచుతుందని కూడా అన్నాడు. వ్యాపార క్లాసులు అక్కడితో పుస్తకం మూసేస్తాయి.

ఐదేళ్ల తర్వాతి సంగతి ఎవరూ చెప్పరు. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, బుడాపెస్టు సభలో అదే ఫ్రాయిడ్ మాట మార్చినాడు. పేదవాడికి ఒంటి వైద్యం మీద ఎంత హక్కుందో మనసు వైద్యం మీద కూడా అంతే హక్కుందని, ఉచిత క్లినిక్కులు రావాలని, అది సమాజం బాధ్యత అని వాదించినాడు. 1920లో బెర్లిన్‌లో, 1922లో వియన్నాలో ఆయన శిష్యులు అలాంటి క్లినిక్కులు తెరిచి, ఇవ్వలేనివాళ్లకు డబ్బు తీసుకోకుండా చికిత్స చేసినారు. నాజీలు వచ్చి ఆ కాలాన్ని ముగించినారు. ఉచితమైతే పని చేయదన్న సిద్ధాంతం ఆ రెండు నగరాల్లోనే ఓడిపోయింది.

ఒక మాట మనం కూడా అడుగుదాం. డబ్బు కడితేనే విలువ తెలుస్తుందా? మన ఇళ్లలో మంత్రగాడికి కోడి, టెంకాయ, దక్షిణ ఇచ్చుకుంటూనే ఉన్నారు. తాయెత్తుకు అప్పు చేసినవాళ్లున్నారు. విలువ తెలుసు కాబట్టి కాదు, ఇంకో తలుపు లేదు కాబట్టి.

3. తలుపు దగ్గరే తెలిసిపోతుంది

"డబ్బు సంగతి అలా ఉంచండి, థెరపిస్టుకు అందరూ సమానమే" అంటారు కొందరు. 2016లో అమెరికాలో హీథర్ కుగెల్మాస్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక పరిశోధన ప్రచురించింది. న్యూయార్క్‌లోని 320 మంది థెరపిస్టులకు అపాయింట్‌మెంటు అడుగుతూ ఫోన్లో సందేశాలు వదిలించింది. అడిగిన విషయం ఒకటే. తేడా అంతా పేరులో, యాసలో. మధ్యతరగతి తెల్లవాళ్లలా వినిపించిన గొంతులకు 28 శాతం అపాయింట్‌మెంట్లు దొరికినాయి. మధ్యతరగతి నల్లవాళ్ల గొంతులకు 17 శాతం. పనివాళ్ల యాసలో మాట్లాడితే తెలుపైనా నలుపైనా 8 శాతమే.

గమనించండి, వాళ్లలో ఎవరూ డబ్బు ఇవ్వలేమని చెప్పలేదు. కేవలం గొంతు విని తలుపు వేసినారు. మన దగ్గర అలాంటి పరీక్ష పెడితే ఏం తేలుతుందో ఊహించడం కష్టమా? "ఏ ఊరు? ఏ పేట? ఇంటిపేరేంది?" అని మూడు ప్రశ్నల్లో మనిషిని కొలిచే దేశం ఇది. సీమ యాసలో ఫోన్ చేసి "సార్, మా తమ్మునికి మనసు బాగల్యా" అంటే, ఆ గొంతుకు ఏ స్లాటు ఖాళీగా ఉంటుంది?

దీనికి వ్యాపారం చెప్పే సర్దుబాటు పేరు స్లైడింగ్ స్కేలు. పేదలకు తగ్గింపు రేటు. చేసేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ చాలాచోట్ల అది ఎలా నడుస్తుందో చూడండి. పూర్తి ఫీజు ఇచ్చేవాళ్లకు సీనియరు, తగ్గింపు అడిగినవాళ్లకు ఇంకా నేర్చుకుంటున్న ట్రైనీ. డబ్బున్నోళ్లకు సాయంత్రం స్లాటు, లేనోళ్లకు కూలి పోయే పట్టపగలు. ఒకే హోటల్లో రెండు గ్లాసులు. గ్లాసు మారింది, పద్ధతి మారలేదు. దయ ఎంత గొప్పదైనా రేపు ఉండకపోవచ్చు. హక్కు అట్లా కాదు.

4. గది లోపల ఏం జరుగుతుంది?

సరే, డబ్బు కట్టినాం, తలుపు తెరిచినారు. లోపల కూర్చున్నాం. అప్పుడేమైతుంది?

1917లో అంబేద్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోయినాడు. అప్పటికే న్యూయార్క్‌లో, లండన్‌లో చదివినవాడు. ఉండటానికి ఇల్లు దొరక్క ఒక పారసీ సత్రంలో పారసీ పేరుతో దిగినాడు. కొన్ని రోజులకు కులం బయటపడింది. కర్రలు పట్టుకొచ్చిన గుంపు ఆయన్ను ఖాళీ చేయించింది. వెక్కి వెక్కి ఏడ్చినాడు. బొంబాయి రైలుకు టైమయ్యేదాకా ఒక పార్కులో దిగులుగా కూర్చున్నాడు. ఇదంతా "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఆయనే రాసుకున్నాడు.

ఆ యువకుణ్ణి ఇప్పటి ప్యాకేజీ థెరపిస్టు ముందు కూర్చోబెట్టండి. ఏం చెప్తారు? ప్రతిదీ నీ మీదికి తీసుకోకు. డైరీ రాయి. దీర్ఘంగా ఊపిరి పీల్చు. ఆ గుంపు కోణం నుంచి కూడా ఆలోచించు. ఆరో సెషన్‌కు బాబాసాహెబ్ సర్దుకుపోయి ఉంటే మహద్ చెరువు ఉండేది కాదు, మన రిజర్వేషను ఉండేది కాదు, నేను ఈ వ్యాసం రాసే చదువూ ఉండేది కాదు. ఆ కన్నీళ్లు జబ్బు కాదు. జబ్బు ఆ కర్రల్లో ఉంది.

ఇంకో పేరు చెప్పనక్కర్లేకుండానే మీకు గుర్తొచ్చి ఉంటుంది. రోహిత్ వేముల. 2016 జనవరి 17. ఏడు నెలల ఫెలోషిప్ బాకీ, హాస్టల్ నుంచి వెలి, క్యాంపస్‌లో వెలివాడ. బాకీ ఉన్న ఫెలోషిప్పుకు ఏ థెరపీలో మందుంది? వెలివేతకు ఎన్ని సెషన్ల ప్యాకేజీ? అందుకే రాధికమ్మ కౌన్సెలర్ కోసం వెతకలేదు. పాయల్ తడ్వి తల్లి ఆబిదా తడ్వితో కలిసి 2019లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. "మనది సామాజిక సమస్య, థెరపీ అంతా బ్రాహ్మణీయ మోసం, మనకు పోరాటమే మందు" అనే అన్నలు మన ఉద్యమంలోనే ఉన్నారు. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. నిద్ర పట్టని పిల్లకు నినాదం పనికిరాదు. నిజమైన డిప్రెషన్ ఉంది, దానికి నిజమైన చికిత్స ఉంది, మందులతోనూ మాటలతోనూ నయమవుతుంది. కులం కాలు విరగ్గొడితే ముందు కట్టు కట్టించుకుంటాం, తర్వాత కేసు పెడతాం. రెండూ చేస్తాం. మనసుకూ అంతే. ఇది చదువుతున్న మీలో ఎవరికైనా బతకాలని లేదనిపిస్తుంటే, చదవడం ఆపి 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వం నడిపేది, డబ్బులు అడగరు. పక్క గదిలో ఉన్న స్నేహితుణ్ణి లేపండి. అర్ధరాత్రైనా సరే.

5. ఉచిత సేవ చేయమంటారా? అదీ వద్దు

ఇప్పుడు ఆ అమ్మాయికి నేను ఇచ్చిన జవాబుకు వస్తాను. "అయితే సార్, నేను డబ్బు తీసుకోకుండా చేయాలా?" అని అడిగింది.

వద్దు తల్లీ.

మనకు ఉచిత సేవ కొత్త కాదు. చచ్చిన గొడ్డును మోసినాం, చెప్పులు కుట్టినాం, డప్పు కొట్టినాం, చావు కబురు మోసినాం. దాని పేరు వెట్టి. ఇప్పుడు మన పిల్లలు చదువుకుని సైకాలజిస్టులైతే "మీవాళ్లే కదా, ఊరికే చూడండి" అనడం కొత్త వెట్టి. అప్పు చేసి చదివిన పిల్ల, ఇంటి అద్దె కట్టాలి, తమ్ముణ్ణి చదివించాలి, పైగా రోజూ ఇతరుల దుఃఖం మోయాలి. పనికి కూలి అడగడం వ్యాపారం కాదు, ఆత్మగౌరవం. సేవ అనే మాటకు దండ వేసేవాళ్లు తమ ఆస్పత్రుల్లో ఎంత వసూలు చేస్తున్నారో మనకు తెలుసు.

మరి మంచి థెరపిస్టు బతకాలంటే ఫీజు ఉండాలి. కూలి తల్లి ఆ ఫీజు కట్టలేదు. ఈ ముడి వ్యాపార క్లాసులు ఎలా విప్పుతాయి? తల్లిని జాబితాలోంచి తీసేసి. దానధర్మాలవాళ్లు ఎలా విప్పుతారు? థెరపిస్టు కూలి తీసేసి. రెండు చోట్లా నష్టపోయేది మన మనిషే.

మూడో దారి ఉంది. ఫీజు ఉండాల, అది తల్లి జేబులోంచి రాకూడదు.

6. చట్టం ఇప్పటికే చెప్పింది

ఇది నా కోరిక కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29 నుంచి అమల్లో ఉన్నది. దాని 18వ సెక్షన్ తెరవండి. మానసిక వైద్యం ప్రతి మనిషి హక్కు, కులం, మతం, వర్గం, లింగం పేరుతో వివక్ష ఉండకూడదు అని అందులో ఉంది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, కార్డు ఉన్నా లేకున్నా, ప్రభుత్వం నడిపే, ప్రభుత్వ నిధులతో నడిచే చోట్ల పూర్తిగా ఉచితం అని ఉంది.

అన్నింటికంటే ముఖ్యమైన వాక్యం అదే సెక్షన్‌లో ఐదో సబ్‌సెక్షన్ చివర ఉంది. చట్టం చెప్పిన కనీస సేవలు జిల్లాలో లేకపోతే, ఆ మనిషి జిల్లాలో ఉన్న ఇంకే మానసిక వైద్య సేవనైనా వాడుకోవచ్చు, ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. మళ్లీ చదవండి. ప్రభుత్వం దగ్గర సేవ లేకపోతే బయటి బిల్లు ప్రభుత్వానిదే. ప్రైవేటు ప్రాక్టీసు క్లాసుల్లో మార్కెటింగ్ గురించి గంటలకొద్దీ చెప్పేవాళ్లు ఈ ఒక్క వాక్యం ఎందుకు చెప్పరు?

మన ప్రాంతానికి ఇది పరాయి ఆలోచన కూడా కాదు. ఒకప్పుడు దత్తమండలాల్లో మనతో కలిసి ఉన్న బళ్లారి జిల్లాలోనే 1980ల్లో నిమ్హాన్స్ ఒక ప్రయోగం చేసింది. పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి పల్లెల్లోనే మానసిక వైద్యం అందించింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అదే. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఆశా అక్కల చేతికి ట్యాబులిచ్చి, కుంగుబాటుతో ఉన్నవాళ్లను గుర్తించి పీహెచ్‌సీకి పంపే పద్ధతిని పరీక్షించింది. జింబాబ్వేలో 2006 నుంచి జేజమ్మలు శిక్షణ పొంది చెట్టు కింద బెంచీ మీద కూర్చుని జనం బాధలు వింటున్నారు. 2016లో వచ్చిన పరిశోధన అది పని చేస్తుందని చూపింది. ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు. ఆశా అక్క నెత్తిన ఇంకో పని పెడితే దానికి ఇంకో జీతం పెట్టాల. లేదంటే మళ్లీ వెట్టే.

ఇంకో ఉదాహరణ నాకు చాలా ఇష్టం. 1946లో న్యూయార్క్‌లోని నల్లవాళ్ల పేట హార్లెంలో, ఒక చర్చి నేలమాళిగలో, లఫార్గ్ క్లినిక్ తెరిచినారు. డాక్టరు ఫ్రెడ్రిక్ వెర్థామ్, వెనక నిలబడినవాళ్లలో రచయిత రిచర్డ్ రైట్. ఫీజు 25 సెంట్లు, అదీ ఇవ్వగలిగితేనే. పుష్కరకాలం నడిచింది. వేరు బడులు నల్లపిల్లల మనసుకు ఏం చేస్తున్నాయో అక్కడ పిల్లలతో మాట్లాడి తెలుసుకున్న వెర్థామ్ 1951లో డెలావేర్ కోర్టులో సాక్ష్యం చెప్పినాడు. ఆ కేసు 1954 బ్రౌన్ తీర్పులో కలిసింది, వేరు బడులు చట్టవిరుద్ధమైనాయి. అదీ క్లినిక్ అంటే. లోపల కన్నీళ్లు తుడిచింది, బయటికొచ్చి ఆ కన్నీళ్లకు కారణమెవరో చెప్పింది. మన దగ్గర దివ్య కందుకూరి మొదలుపెట్టిన బ్లూ డాన్, బహుజనులకు కులం తెలిసిన థెరపిస్టులను అందుబాటులోకి తేవడానికి చేస్తున్న ప్రయత్నం ఈ దారిలోదే. కానీ కొద్దిమంది బహుజన బిడ్డల భుజాల మీద ఎంతకాలం మోపుతాం?

7. అయితే ఏం చేద్దాం?

విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పని మీతోనే.

ఒకటి. నంద్యాల జిల్లాలో సమాచార హక్కు దరఖాస్తులు వేయండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఎన్ని పోస్టులు, ఎన్ని ఖాళీలు? బనగానపల్లె ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యం ఏ రోజు, ఎవరు చూస్తారు? 18వ సెక్షన్ కింద బయటి చికిత్స ఖర్చు ఇప్పటిదాకా ఎంతమందికి ఇచ్చినారు? జవాబు సున్నా అయితే ఆ సున్నాను ఫ్లెక్సీ కట్టి కలెక్టరేట్ ముందు పెడదాం.

రెండు. విశాఖలో చనిపోయిన 17 ఏళ్ల నీట్ విద్యార్థిని కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి. మీ కాలేజీలో ఎవరున్నారో ప్రిన్సిపాల్‌ను లిఖితపూర్వకంగా అడగండి. ఎన్‌ఎస్‌ఎస్ సారును చూపించి "ఈయనే కౌన్సెలర్" అంటే ఒప్పుకోకండి. అర్హత కాగితం అడగండి.

మూడు. ఆ పోస్టులు రెగ్యులర్ పోస్టులు కావాల. రోస్టర్ పాటించాల. నెలకింత అని ఏజెన్సీకి కాంట్రాక్టు ఇస్తే అందులోకి మన పిల్లలు రారు. వచ్చినా నోరెత్తరు. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో కౌన్సెలర్ల జీతానికి డబ్బు లేదంటే, 2013 సబ్‌ప్లాన్ చట్టం ఎందుకున్నట్టు?

నాలుగు. సైకాలజీ చదివే మన పిల్లలారా, ప్రాక్టీసు పెట్టుకోండి. బోర్డు మీద అర్హత, రిజిస్ట్రేషన్, ఫీజు మూడూ రాయండి. వారాంతపు సర్టిఫికెట్‌తో కౌన్సెలర్ బోర్డు పెట్టేవాళ్లకూ మీకూ తేడా అక్కడే తెలుస్తుంది. మీకు న్యాయమైన కూలి రావాల, దానికోసం మేము కొట్లాడతాం. మీరు మాత్రం ఆదర్శ క్లయింటు అనే మాటను మీ నోటితో అనకండి.

1941లో జాషువా "గబ్బిలం" రాసినాడు. కాళిదాసు యక్షుడికి దూతగా మేఘం దొరికింది. జాషువా నాయకుడైన అంటరాని పేదవాడికి తన గోడు వినే మనిషి దొరకలేదు, గబ్బిలం దొరికింది. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. ఎనభై ఏళ్లు దాటింది. హాస్టల్ గదిలో లైటు ఆర్పేసి కూర్చున్న మన పిల్లవాడు ఇంకా గబ్బిలంతోనే మాట్లాడుకోవాలా? వినడానికి చదువుకున్న మనిషి కావాల. ఆ మనిషికి జీతం కావాల. ఆ జీతం సర్కారు ఇయ్యాల.

వచ్చే భాగంలో: హాస్టల్ వార్డెన్లు, రాత్రిపూట హాజరు, ఆడపిల్లల ఫోన్లు.

జై భీమ్.